బీదవిద్యార్థుల వసతి

(పట్టణ పఠనమందిర వార్షికోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



ఈ వార్షికోత్సవమునందు మమ్ము ఉపన్యసింపుమని కార్యదర్శిగారు కోరినపుడు, గ్రంథాలయోద్యమమును గూర్చియో, మంచి పుస్తకములను గూర్చియో చెప్పుదుమని వారు తలచియుందురు. మేమును మొదట అట్లే సంకల్పించితిమి. కాని నాలుగు దినముల క్రిందట గడచిన యేటి పాఠకుల హాజరుపుస్తకమును త్రిప్పుచుండగా ఒక చేవ్రాలు మా కంటబడినది. ఎనిమిదవ తరగతి బాలునిది. జూన్ నెల మొదలు నవంబరు చివరివరకు దినము తప్పక సాయంకాలము ఐదుగంటలకు అతడు వచ్చినాడు. అక్షరములు మొదట గుండ్రముగా, కొంచెము భయముగా ఉన్నవి. అక్టోబరు నాటికి పెద్దవారి చేవ్రాలువలె సాగదీసినాడు. డిసెంబరునుండి ఆ చేవ్రాలు లేదు.

అది ఏల లేదో మాకు తెలియును. తెలియుటయేగాదు, దానికి కారణము మేమే. కాబట్టి నేడు పుస్తకములను గూర్చి మాటలాడుటకు మాకు నోరు రాలేదు. బీదవిద్యార్థులకు వసతి కల్పించుటను గూర్చి, అందు మన పెద్దలు చేసిన పనిని గూర్చి, మేము చేసిన పొరపాటును గూర్చి మీతో మనవి చేయ దలచితిమి. మేము న్యాయవాదులమగుటచే పరుల తప్పులు వాదించుట మాకు అలవాటే. స్వంత తప్పు వాదించుట ఇదియే మొదలు.

బీదవానికి చదువు చెప్పించుట మన దేశమున క్రొత్తగా పుట్టిన ధర్మము కాదు. మన తాతల కాలమున బడి ఎక్కడో పట్టణమునందుండెడిది, పిల్లవాని ఇల్లు పల్లెటూర నుండెడిది. నడుమ నుండు సమస్య చదువుది కాదు, అన్నముది. ఆ సమస్యకు మనవారు కనిపెట్టిన ఉపాయమే వారములు. ఆదివారము ఒక ఇంట, సోమవారము మరియొక ఇంట, ఇట్లు ఏడు ఇండ్లు కుదుర్చుకొని పిల్లవాడు చదువుకొనెడివాడు. ఏ ఇల్లాలికిని ఇది భారము కాదు. వారమునకొక దినము ఒక విస్తరి ఎక్కువ వేయుటయే. పురాణములు చెప్పెడి పండితులును, కోర్టులలో వాదించెడి ప్లీడర్లును, బడిపంతుళ్లును ఎందరో ఆ విస్తళ్లలో తిని పెద్దవారైరి. చందాపుస్తకము లేదు, సంఘము లేదు, అధ్యక్షోపన్యాసము లేదు. ఒక పట్టణము తనకు తెలియకుండగనే ఒక కళాశాలను పోషించినది. ఈ యేర్పాటును తలచుకొన్నపుడెల్ల మాకు గౌరవము కలుగుచున్నది.

అయినను వారముల పిల్లవాని మనస్సులో ఏమి జరిగెడిదో ఆ యన్నము తిన్నవారే చెప్పవలెను. మా బంధువర్గములోని ఒక వృద్ధులు చెప్పగా విన్నాము. బుధవారమునాటి ఇంటివారు ఊరికి పోయినచో ఆ దినము పస్తు. ఆ సంగతి ముందుగా చెప్పుట వారికి తోచదు. వీధి తలుపునకు తాళము చూచి పిల్లవాడు తెలిసికొనవలెను. తెలిసికొని, ఆకలి కాలేదన్నట్లు బడికి తిరిగి పోవలెను. శుక్రవారమునాటి ఇల్లాలు మంచిదే. కాని ఆమె కుమారుడు పరీక్ష తప్పి, వారముల పిల్లవాడు మొదటి తరగతిలో కృతార్థుడైన యేడు, ఆ ఇంట మజ్జిగ పలుచనైనదట! ఎనుబదియేండ్లు నిండిన తరువాత కూడ ఆ వృద్ధులు ఆ మజ్జిగను మరువలేదు. దాత మరచిపోవును, తిన్నవాడు మరువడు.

రెండవ లోపము మరింత పెద్దది. వారములు కులముగల ఇంటినుండి కులముగల విస్తరికే పోయెడివి. ఏ పిల్లవానిని వీధి అరుగుమీదనైన కూర్చుండనియ్యరో, వానికి ఆదివారమును లేదు, సోమవారమును లేదు. అనగా అందరికంటె ఎవనికి ఆ యన్నము ఎక్కువ యవసరమో వానికే అది లేకపోయినది. మన దాతృత్వమును పొగడుకొనునపుడు ఈ మాట కూడ దాని ప్రక్కనే చెప్పుకొనవలెను.

వారములు కుదురని చోట తల్లులు పడిన పాట్లకు మితి లేదు. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారిని ఎరుగనివారు ఈ సభలో లేరు. వారు 1872లో జన్మించిరి. చిన్నతనముననే తండ్రి పోగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు పెట్టి బిడ్డలను పోషించినది. పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయలు దొరకక ఆ తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టినది. గురువైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ పిల్లవానిని తన వెంట రాజమహేంద్రవరమునకు గొనిపోయి చదివించిరి. ఆ పిల్లవాడే పిమ్మట లండనులో బారిష్టరీ చదివి, 1946లో మదరాసు రాష్ట్రమునకు ప్రధానియై, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైనాడు. ఈ కథ చెప్పి, చూచితిరా బీదతనము ఎట్టి మహానుభావులను సృష్టించునో అని ముగించుట ఉపన్యాసకుల కలవాటు. మాకట్లు తోచదు. ఆ చీర లేని తల్లులెందరు? ఆ గురువు దొరకని పిల్లలెందరు? బీదతనము ప్రకాశముగారిని సృష్టింపలేదు. ఒక చీరయు, ఒక గురువును బీదతనమునుండి వారిని దప్పించినవి.

ఒక్కొక్క ఇంటి దయమీద ఆధారపడిన ఈ పద్ధతి చాలదని ఇరువదవ శతాబ్ది ప్రారంభమున పలుచోట్ల పెద్దలకు తోచినది. కొల్హాపురములో సాహు మహారాజు 1901లో మరాఠా విద్యార్థులకు వసతిగృహము పెట్టించి, తరువాత జైనులకు, లింగాయతులకు, మహమ్మదీయులకు, అస్పృశ్యులని దూరముంచబడిన వారికి వేరువేరుగా గృహములు ఏర్పడునట్లు తోడ్పడిరి. కాకినాడలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి ప్రోత్సాహమున పిఠాపురము మహారాజావారు అనాథశరణాలయమును, హరిజన విద్యార్థులకు వసతిని కల్పించిరి. హైదరాబాదులో రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి చాలకాలము కార్యనిర్వాహకులుగా ఉండిరి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారును వారి సహధర్మచారిణి లక్ష్మీబాయమ్మగారును 1922లో శారదానికేతనమును స్థాపించి ఆడుబిడ్డలను అచట నుంచుకొని చదివించిరి. ఆ దినములలో ఆడుబిడ్డను ఇంటినుండి పంపి వేరొక చోట నుంచుట యనగా ఎంత నింద పడవలసి వచ్చెడిదో నేటివారు ఊహింపజాలరు.

కులమునకొక వసతిగృహము పెట్టుట మంచిదా యని కొందరు అడుగుదురు. పెట్టనిదానికంటె మంచిదే. ఒక కులములోని ధనికుని చేత డబ్బు తీయించుటకు ఆ కులము పేరే సులభమైన తాళపుచెవి యని నాటి పెద్దలు ఎరుగుదురు. కాని తాళపుచెవితో తలుపు తీసిన పిమ్మట గోడ అట్లే నిలిచియున్నది. ఆ గోడను తీసివేసి చూపినవారిలో సాతారాకు చెందిన భావురావు పాటిల్‌గారు ముఖ్యులు. వారు 1919లో రయత్ శిక్షణ సంస్థను ప్రారంభించి, 1924లో సాతారా పట్టణమున పెట్టిన వసతిగృహములో అన్ని కులముల పిల్లలును ఒక్క పంక్తిని భుజించిరి, తమ పని తామే చేసికొనిరి. పిల్లలకు అన్నము లేని దినమున వారి భార్య లక్ష్మీబాయిగారు నగలమ్మి, తుదకు మంగళసూత్రమునైన దాచుకొనలేదు. 1927లో గాంధీమహాత్ముడు ఆ గృహమునకు విచ్చేసి సాహు ఛత్రపతి నామకరణోత్సవమును జరిపించిరి.

మరియొక్క చిన్న మొత్తమును మీకు జ్ఞప్తికి తెచ్చెదము. నెలకు 25 రూపాయలు. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువుచుండిన ఒక విద్యార్థికి బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్‌గారు ఇచ్చిన ఉపకారవేతన మిది. 1913లో అదే సంస్థానము ఆ విద్యార్థిని అమెరికాకు, కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపినది. ఆ విద్యార్థియే అంబేద్కరు పండితుడు. తాను స్థాపించిన బహిష్కృత హితకారిణీ సభ పక్షమున వారు 1925లో షోలాపురమున పెట్టించిన సంస్థ ఏమి యనుకొందురు? విద్యార్థులకు వసతిగృహము. ఎక్కడ నొప్పి యున్నదో పడినవానికి తెలియును గదా!

ఇంతవరకు విన్నవారిలో కొందరికి ఒక ఆక్షేపణ తోచియుండును. ఇదంతయు రాజులును జమీందారులును ఏలిన నాటి మాట. నేడు ప్రభుత్వమే గురుకులములు పెట్టి ఉచితముగా అన్నము, బట్ట, పుస్తకము ఇచ్చుచున్నది. ఇంక మన చందాలతో పని యేమి? ఆక్షేపణ బలమైనదే. 1971లో పి.వి. నరసింహారావుగారి కాలమున నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల వెలసినది. మరుసటి యేట తాడికొండలోను, కొడిగెనహళ్లిలోను వచ్చినవి. 1980 తరువాతి దశకములో సాంఘికసంక్షేమ గురుకులములు పుట్టినవి. నేడు రెండు తెలుగు రాష్ట్రములయందును ఇవి వందలకొలదిగా ఉన్నవి. 2014 మే 25వ తేదీన పదమూడేండ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరము నెక్కినది ఇట్టి బడినుండియే. ఏ దాత ఇంత పని చేయగలడు? ప్రభుత్వము చేయవలసిన పనిని చందాలతో మనము చేసి, ప్రభుత్వమును ఆ బాధ్యతనుండి విడిపించుట దేశసేవ కాదు. ఈ విషయమున మాకు సందేహము లేదు. ఎవరైన వచ్చి గురుకులములతో పోటీగా మరియొక భవనము కట్టుదము, చందా ఇండని అడిగినచో ఇయ్యవద్దని మేమే చెప్పుదుము.

అయినను వలలో కన్నులుండును. ఆ కన్నులలోనుండి జారిపోవు పిల్లలను మేము పదునెనిమిదేండ్లుగా కోర్టు వరండాలలో చూచుచున్నాము. సాంఘికసంక్షేమ గురుకులమునకు సాధారణముగా ఐదవ తరగతిలో ప్రవేశపరీక్ష వ్రాసి చేరవలెను. పరీక్షనాడు తల్లిదండ్రులతో ఇటుకబట్టీలవద్ద పరరాష్ట్రమున ఉన్న పిల్లవాడు ఏమి వ్రాయును? ఏడవ తరగతి నడుమ తండ్రి లారీ క్రింద పడి చనిపోయిన పిల్ల జనవరి నెలలో ఎక్కడ చేరును? పదవ తరగతి మంచి మార్కులతో కృతార్థయై, పట్టణములోని పాలిటెక్నిక్‌లో సీటు సంపాదించి, హాస్టలులో చోటు లేదనగా ఇంటికి తిరిగి వచ్చిన పిల్లకు ఆరు నెలలలో పెండ్లి చేసి పంపినారు. ఆ పెండ్లి సంగతి మాకు తెలిసినది కాపురము చెడి ఆమె మా కార్యాలయమునకు వచ్చినపుడు. ఇంకను ఒకటి. వేసవి సెలవులివ్వగానే వసతిగృహముల తలుపులు మూయుదురు. అందరును ఇండ్లకు పోవుదురు. ఇల్లే లేని పిల్లవాడు మే నెలలో ఎక్కడకు పోవునని అడిగినచో బదులు చెప్పువారు తక్కువ. ఒకడు మాకు చెప్పినాడు, రైలుస్టేషనులో పండుకొని, పగలు బత్తాయిలమ్మువానివద్ద పని చేసి, జూన్ నెల పండ్రెండవ తేదీ ఎప్పుడు వచ్చునాయని కాగితముమీద గీతలు గీసికొనెడివాడనని.

ప్రభుత్వపు కొలబద్దకు అందని ఇట్టివారికొరకే దాతలు కావలెను. వీరి సంఖ్య పెద్దది కాదు. ఒక్కొక్క పట్టణమునకు పది, ఇరువది. పట్టణమునందలి పెద్దమనుష్యులు తలచుకొన్నచో చాలును.

ఇట్లు తలచుకొనియే మూడేండ్ల క్రిందట మేము కొందరము చేరి ఒక సంఘముగా ఏర్పడితిమి. ఇపుడు మా కథ వినుడు.

తల్లి లేని, తండ్రి త్రాగుడుకు లోనైన ఒక బాలుని ఆరవ తరగతిలో ఒక ప్రైవేటు వసతిపాఠశాలలో చేర్చితిమి. బోధనారుసుము వారు మానుకొనిరి. బసకును భోజనమునకును ఏడాదికి 60,000 రూపాయలు మేము కట్టవలెను. అనగా నెలకు 5,000. ఇరువదిమంది నెలకు 250 చొప్పున వేసికొన్నచో సరిపోవును. ఇరువదిమందియు ఆ దినముననే చేవ్రాళ్లు చేసిరి. పిల్లవానికి క్రొత్త పెట్టె, దుప్పటి, చెప్పులు కొనిపెట్టితిమి. అందరమును కలిసి ఛాయాచిత్రము తీయించుకొంటిమి. ఆ చిత్రము పత్రికలో పడినది. నేడు దానిని చూచిన మాకు సిగ్గగుచున్నది. అందు పిల్లవాడు నడుమ నిలుచుండి తన చెప్పులవంక చూచుకొనుచున్నాడు.

మొదటి యేడు లోపము లేదు. రెండవ యేట ఇద్దరికి బదిలీ అయినది, ఒకరు కాలధర్మము నొందిరి, ఇద్దరు మరచిపోయిరి. అడుగుటకు మాకును మొగమాటమైనది. మూడవ యేట రుసుము 66,150 అయినది, అనగా నెలకు 5,500 రూపాయలకు పైమాట. ఇచ్చువారు పదునొకండుగురు మిగిలిరి, వచ్చునది 2,750. సగము! యాజమాన్యమువారు కొన్నాళ్లు ఓర్చుకొనిరి. నవంబరు చివర బాలుని పెట్టెతో సహా ఇంటికి పంపిరి. వారిని నిందింపము, కిరాణాకొట్టువాడు వారికి ఊరక బియ్యము పోయడు గదా.

ఇందు ఒక చట్టపు చమత్కార మున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రాథమికవిద్య ముగియువరకు ఏ బిడ్డను బడినుండి వెడలగొట్టరాదు. కాని అది బడికి సంబంధించిన మాట, బసకు కాదు. తరగతిగదిలోని బల్లమీద వానికి హక్కున్నది. వసతిగృహములోని మంచముమీద లేదు. మంచము పోయిన పిమ్మట నలువది మైళ్ల దూరమునుండి వచ్చి ఆ బల్లమీద ఎట్లు కూర్చుండును?

ఆ బాలుడు ఇపుడు మోటారుసైకిళ్లు మరమ్మతు చేయు ఒక దుకాణములో ఉన్నాడు. పదునాలుగేండ్లు నిండినవి గనుక అందుకు చట్టమునకును అభ్యంతరము లేదు. మేము పోయి చూచితిమి. చేతులు నల్లనూనెలో మునిగియున్నవి. కుశలప్రశ్నలైన పిమ్మట, "మరల చదువుకొందువా?" యని అడిగితిమి. వాడు చేతులు తుడుచుకొనుచు, మా మొగమువంక చూడక, "ఎన్నాళ్లు చదివిస్తారండీ?" అనెను.

మహాశయులారా, ఇరువదియేండ్లలో మమ్ము ఎందరో న్యాయమూర్తులు ప్రశ్నించిరి. అట్టి ప్రశ్న ఎవరును వేయలేదు.

మా తప్పు దయ లేకపోవుట కాదు, లెక్క లేకపోవుట. ఆరవ తరగతిలో చేర్చుకొన్న పిల్లవానిని పండ్రెండవ తరగతివరకు నడిపింపవలెనన్న ఏడేండ్లు. ఏడాదికి 60,000 చొప్పున 4,20,000 అని పైపైని అనుకొందుము. ధరలు ఏటేట నూటికి ఐదు చొప్పున పెరిగినచో ఆ మొత్తము 4,88,500 దాటును. కడపటి యేట ఒక్కదానికే 80,400 కావలెను. ఈ లెక్క వేయకయే మేము పిల్లవానిచేత పెట్టె పట్టించితిమి. ఆడపిల్లకు పెండ్లి నిశ్చయించునపుడు ముహూర్తము మొదలు అప్పగింతలవరకు ప్రతి పైసయు లెక్కవేయు మనము, ఒక బిడ్డ జీవితమును చేతికి తీసికొనునపుడు మొదటి నెల చందాతో తృప్తిపడితిమి. శాశ్వతనిధి మాట వేరు. అసలు ముట్టకుండ వడ్డీతో ఒక సీటు నడుపవలెనన్న, నూటికి ఆరు వడ్డీమీద నేడు పదిలక్షలు కావలెను; ధరలు పెరిగినకొలది అదియు చాలదు. కాబట్టి ఒక్కొక్క పిల్లవానికి అతని చదువు ముగియువరకు కావలసిన డబ్బు ముందే బ్యాంకులో పడినగాని ఎవరిని చేర్చుకొనరాదని ఇపుడు మా సంఘము తీర్మానించినది. నెలచందాలు వలదని కాదు. అవి తరువాతి పిల్లవానికొరకు ప్రోగగుచుండును.

కంపెనీల డబ్బు తెండని కొందరు మాకు సలహా చెప్పిరి. 2013 నాటి కంపెనీల చట్టములోని 135వ సెక్షను ప్రకారము పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి రెండు వంతులు సమాజహితమునకు వెచ్చింపవలెను. విద్యయు, స్త్రీలకును అనాథలకును వసతిగృహములును ఆ పట్టికలో ఉన్నవి. అడుగవలసినదే, అడిగితిమి కూడ. కాని ఆ నియమములలో కొనసాగెడి పని యనగా మొదలుపెట్టిన యేడు కాక మూడేండ్లలో ముగియవలసినది. పిల్లవాని చదువు ఏడేండ్లు. అందువలననే కాబోలు, కంపెనీలవారు గోడలు కట్టుదురు, కంప్యూటర్లు ఇత్తురు. అన్నము పెట్టుదుమను వారు అరుదు. గోడ ఒకమారు కట్టిన నిలుచును, దానిమీద పేరును నిలుచును. తిన్న యన్నముమీద పేరు చెక్కుట యెట్లు?

చలువరాతి పలకల వ్యామోహము కంపెనీలకే కాదు, మనకును ఉన్నది. మా జిల్లాలో ఒకచోట నలుగురు దాతల పేర్లు చెక్కిన నాలుగు పలకలున్న వసతిగృహమును చూచితిమి. నాలుగు గదులకును తాళములు. వంటమనిషికి జీతమియ్యలేక మూసివేసినారట. మన దేశమున సత్రముల గతి కూడ పలుచోట్ల ఇంతే గదా! పూర్వులు భూములు వ్రాసియిచ్చిరి. భూములు నామమాత్రపు కౌలుకు పోయినవి. సత్రములో దీపము పెట్టువారు లేరు. అట్టి ధర్మములపై లెక్కలడుగుటకు సామాన్యులకును అధికారమున్నదని చాలమంది ఎరుగరు. ప్రజాధర్మనిధి విషయమున సంబంధముగల ఇద్దరు, కోర్టు అనుమతి పొంది, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులోని 92వ సెక్షను క్రింద దావా వేయవచ్చును. ఇది మా వృత్తికి ప్రకటన కాదు. అట్టి దావాలో మేము రుసుము పుచ్చుకొనము.

ఇచ్చిన డబ్బు లెక్క అడుగుట దాత హక్కు. పిల్లవాని కృతజ్ఞత అడుగుట హక్కు కాదు. ఏటేట ధన్యవాదపత్రము వ్రాయించుట, వేదికమీద నిలువబెట్టి వాని దారిద్ర్యమును వాని నోటనే చెప్పించుట, దాతగారి పుట్టినదినమున పాదములకు నమస్కరింపజేయుట, ఇవి యన్నియు శుక్రవారపు మజ్జిగ వంటివే. మా సంఘమున ఇక ఎవరి డబ్బుతో ఎవరు చదువుచున్నారో కార్యదర్శికి తక్క ఎవరికిని తెలియదు. ఈ నియమమునకు అలిగి ఇద్దరు దాతలు విరమించుకొనిరి. వారి ఇష్టము.

అట్లే తెలివైనవానికే ఇత్తుమనుట కూడ మాకు సరిగా తోచదు. మొదటి మార్కులు వచ్చిన పిల్లవానికి దాతలు దొరకుదురు, వాని ఛాయాచిత్రము బాగుండును. మధ్యరకపు మార్కులతో, ఇంట రోగియైన తల్లికి వంట చేసిపెట్టి బడికి వచ్చు పిల్లకు ఎవరు దొరకుదురు? ఆమె మార్కులలో ఆ వంట కూడ కలిపి చూడవలెను.

ఇంకొక సంగతి చెప్పవలసియున్నది, చెప్పుటకు కష్టమైనను. పిల్లను ఇంటినుండి తీసి వేరొక చోట నుంచుట పుణ్యకార్యమే యైనను అపాయము లేనిది కాదు. తలుపు మూసిన పిమ్మట వసతిగృహములో ఏమి జరుగునో దాత ఎరుగడు. డబ్బు కట్టి ఊరకుండుట చాలదు. నెలకొకమారైన, ముందు చెప్పకుండ, సంఘమునుండి ఇద్దరు, వారిలో ఒక స్త్రీ, పోయి పిల్లలతో ఒంటరిగా మాటలాడి రావలెను. వంటశాలను, స్నానపుగదుల గడియలను చూడవలెను. పిల్లవానికి ఇంటివారితో మాటలాడుటకు టెలిఫోను ఉండవలెను. అతని పల్లెవారి మాటను, అతని తల్లి పెట్టిన పేరును ఎవరును ఎగతాళి చేయరాదు. ఏ బడియైనను అట్టి తనిఖీకి ఒప్పుకొననిచో అక్కడ మన బిడ్డను చేర్చవలదు, ఎంత పేరుగల బడియైనను.

డబ్బు ఎక్కడనుండి వచ్చునని అడిగెదరా? పొరుగున కన్నడదేశమునకు పోయి చూడుడు. తుమకూరులోని సిద్ధగంగా మఠమున సుమారు పదివేలమంది పిల్లలు కులమతభేదము లేక ఉచితముగా ఉండి చదువుకొనుచున్నారు. 2019లో నూటపదునొకండేండ్ల వయస్సున పరమపదించిన శివకుమారస్వామిగారు ఆ దాసోహమును దశాబ్దములు నడిపిరి. చుట్టుప్రక్కల రైతులు బండ్లమీద ధాన్యము తెచ్చి పోయుదురు. ఎవరి మూట ఏదో పలక ఉండదు. మన యూళ్లలోను వంటకు బియ్యము కొలుచునపుడు గుప్పెడు తీసి ధర్మపు కుండలో వేయు ఆచారము ఒకప్పుడు ఉండినది. మన ఇండ్లలో కుండ పోయినది గాని గుప్పెడు పోలేదు. పెండ్లిపత్రికలకు, కటౌట్లకు, నాయకుల జన్మదినపు ఫ్లెక్సీలకు అది పోవుచున్నది.

ఇపుడు మా యాచన. ఆ బాలుని మరల ఎనిమిదవ తరగతిలో చేర్చి పదవ తరగతి ముగించువరకు మూడేండ్లకు అయ్యెడి వ్యయము, మొదటి యేట 70,000 అనుకొని, ధరల పెరుగుదలతో గూడ 2,20,675 రూపాయలు. మా పదునొకండుగురమును, మరికొందరు మిత్రులును కలిసి ఇంతవరకు 1,34,000 బ్యాంకులో వేసితిమి. తక్కినది 86,675. ఈ మొత్తము పూర్తియగువరకు వానివద్దకు పోరాదని నిశ్చయించుకొంటిమి. వాని ప్రశ్నకు సమాధానము చేతబట్టుకొనియే పోవలెను.

ఇటుకబట్టీలో పనిచేయువారి కుమార్తె యొకతె కూడ ఉన్నది, ఆరవ తరగతికి వచ్చినది. ఆమెకొరకు ఇంకను ఏమియు కూడలేదు. ఆమెకు మేము మాట ఇయ్యలేదు. ఇయ్యకుండుట మాకు సులభముగా లేదు.

లెక్కపుస్తకము గ్రంథపాలకులవారి బల్లమీద తెరచియున్నది. పాత పుటలు కూడ అందుననే ఉన్నవి. మేము చెప్పినది నిజమో కాదో చూడగోరువారు చూడవచ్చును. మానివేసినవారి పేర్లు కొట్టివేయలేదు. మందిరము రాత్రి ఎనిమిది గంటలవరకు తెరచియుండును. బడులు జూన్ నెల పండ్రెండవ తేదీన తెరచుదురు.